ఫెయిలవ్వాల్సిన టెస్టు

నమోదు 1

ఇవాళ్టి నుంచి జరిగింది జరిగినట్టు రాసిపెట్టమని నాగలత మేడమ్ చెప్పారు. ఆవిడ మా టెస్టు గదికి ఇన్‌చార్జి. రాద్దామని కూర్చున్నాను గానీ ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు. లేచి అటూ ఇటూ తిరగాలని ఉంది. తిరిగితే చార్జి అయిపోతుంది.

పొద్దున్న పెసరట్టు తిరగేస్తుంటే పక్కింటి సత్తెమ్మ పిన్ని కేక పెట్టింది. అట్టు పెనం మీదే వదిలేసి వెళ్లాను. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉంది. నడుం నుంచి మడమ దాకా తోడుకాళ్లు కట్టుకునే ఉంది, బెల్టులన్నీ బిగించుకుంది, పచ్చ దీపం కూడా వెలుగుతోంది.

"రేత్రి చార్జింగులో ఎట్టేను. నిండుగున్నాయి. లెగుదునని సూస్తే కొయ్యల్లాగ బిగుసుకుపోనాయే వరాలూ! నా కాళ్లు నన్నెరగనట్టున్నాయి" అంది.

చంకల కింద చేతులు వేసి లేపబోయాను. బరువూరిలో ఒక మనిషిని ఇంకో మనిషి లేపడం అయ్యే పని కాదు. భూమి మీద కన్నా రెండింతలు గట్టిగా లాగుతుంది ఈ నేల. తోడుకాళ్లు లేకుండా మనిషి నిలబడలేడు. ఆ తోడుకాళ్లకు కూడా మనిషి నడక తెలియాలి. ఎవరు ఏ కాలు ముందు వేస్తారో, ఎటు తూగుతారో, మెట్టు దగ్గర ఎంత తటపటాయిస్తారో అవి నెలల తరబడి నేర్చుకుంటాయి. నేర్చుకున్నదంతా ఆ మనిషి పేరుతో ఒక నడక ఫైలై ఊరి కంప్యూటర్ స్టోర్‌లో ఉంటుంది. వారానికోసారి కాళ్లు విప్పి చార్జింగులో పెడతాం. మళ్లీ కట్టుకోగానే స్టోర్ నుంచి ఫైలు దిగుతుంది, లేచి పనికి పోతాం.

పిన్ని కాళ్లలోకి ఏ ఫైలూ దిగలేదు. మధ్యాహ్నానికి తెలిసింది, నిన్న చార్జింగు పెట్టుకున్నవాళ్లందరిదీ ఇదే పరిస్థితి. ఒక వీధిలో సగం మంది గుమ్మాల్లో కూర్చుండిపోయారు.

టెస్టు గదికి వెళ్లేసరికి నాతో పనిచేసే హేమసుందర్ స్క్రీను ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. స్టోర్ తెరిచి ఉంది. అందులో ఒక్క పేరు కూడా లేదు.

నమోదు 2

ఎలా జరిగిందో తేలింది.

మా గదిలో మేం ముగ్గురం. నేను, హేమసుందర్, పెద్దాయన భూషణం గారు. తోడుకాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న మార్పు జరిగినా అది జనం కాళ్లలోకి వెళ్లే ముందు మా టెస్టులు దాటాలి. టెస్టు మొదలవగానే తనకోసం ఒక తాత్కాలిక ఫోల్డరు తయారు చేసుకుంటుంది. కావలసిన ఫైళ్లు అందులో పెట్టుకుని, తిప్పి, విరిచి, చూసి, పనైపోగానే ఆ ఫోల్డరు మొత్తం తీసేస్తుంది. పెళ్లికి పందిరి వేసి విప్పినట్టే. అసలు ఫైళ్ల జోలికి పోదు.

మొన్న హేమసుందర్ రాసిన కొత్త టెస్టు కూడా అలాగే మొదలైంది. కానీ ఆ రోజు డిస్కులో చోటు లేదు. పాత టెస్టులు విప్పకుండా వదిలేసిన ఫోల్డర్లు పేరుకుపోయి ఉన్నాయి. కొత్త ఫోల్డరు తయారు కాలేదు. తయారైందో లేదో టెస్టు చూసుకోలేదు. తాను నిలబడ్డ చోటే తన పందిరి అనుకుంది. అది నిలబడ్డ చోటు స్టోర్. పనైపోయాక పద్ధతిగా, పూర్తిగా శుభ్రం చేసింది.

సాయంత్రం నకలు యంత్రం రోజూలాగే స్టోర్‌కు నకలు తీసింది. ఖాళీని నకలు తీసి, పాత నకలు మీద పెట్టింది.

"ఒక్క లైను అక్కా" అన్నాడు హేమసుందర్. "ఫోల్డరు తయారైందా లేదా అని అడిగే లైను. అదొక్కటే రాయలేదు."

భూషణం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "టెస్టుకి స్టోర్ తాళం ఎవులిచ్చారు? నువ్వు దొంగతనంగా అట్టుకుపోనావా? తొందరగా అవుతాదని మనమందరం కలిసి ఇచ్చినాం. పాత ఫోల్డర్లు తియ్యమని ఎన్నిమార్లు అనుకున్నాం, ఎవులు తీసినాం? ఊరుకో. ఏడిస్తే పని జరగదు."

వాడు ఏడవడం లేదు. గోళ్లు కొరుక్కుంటున్నాడు. చిటికెన వేలి చివర రక్తం చూసి నేనే చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

నమోదు 3

ఊరు మెల్లగా కూలబడుతోంది. చార్జి ఉన్నవాళ్ల కాళ్లలో పాత ఫైలు ఇంకా ఉంది కనక నడుస్తున్నారు. అయిపోతే విప్పాలి. కట్టుకుని ఉండగా చార్జింగు పెట్టే వీలు లేదు, ప్లగ్గు బెల్టు వెనకాల ఉంటుంది. విప్పితే నడక పోతుంది. ఇవాళ కొందరు, రేపు మరికొందరు.

ఎవరికి వాళ్లు లెక్కలు వేసుకుంటున్నారు. వంట చేసే ఆవిడ పొయ్యి దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుంది, పప్పు డబ్బా అందించడానికి వీధిలో ఎవరైనా పోతారేమోనని చూస్తోంది. నేను సత్తెమ్మ పిన్నికి అన్నం పెట్టి, గిన్నెలు ఆవిడ పక్కనే వదిలేసి వచ్చాను. మళ్లీ రెండోసారి వెళ్లి తేవడానికి మనసొప్పలేదు. అలా లెక్క చూసుకున్నందుకు సిగ్గేసింది.

మా ఆయన కూర్మారావు పంపు హౌసులో పని చేస్తాడు. నీళ్లు కింద, లోతుగా ఉంటాయి. రోజూ మెట్లు దిగి వాల్వులు చేత్తో తిప్పితేగానీ ఊళ్లోకి నీళ్లు రావు. పంపు మీద నలుగురు ఉండాలి. ఇద్దరు ఇప్పటికే ఇళ్లలో కూర్చున్నారు.

అతనికి ఎడమ పాదం సగమే ఉంది. మా పెళ్లికి ముందే పైపు కింద పడి పోయింది. అతని నడక నేర్చుకోవడానికి తోడుకాళ్లకు రెండేళ్లు పట్టింది. అందరిలా కొన్ని నెలలు ఊతకమ్మీల కటకటాలు పట్టుకుని తిరిగితే అయ్యేది కాదు.

ఇంటికి వచ్చి కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బెల్టు ఒరుసుకుని నడుం ఎర్రగా పుండైంది. ఆముదం తెచ్చి వేళ్లతో బెల్టు సందులోంచి రాశాను.

"ఎంతుంది మావా చార్జి?"

"ఉన్నాది."

"ఎంతా అని అడుగుతున్నాను."

"రేపొకపాలి దిగి ఎక్కడానికి సరిపోతాది. ఎల్లుండి సంగతి ఎల్లుండి సూద్దాం."

"ఆ తరవాత?"

"ఆ తరవాత కూకుంటాను. నువ్వు తెచ్చి పెడతావు, నాను తింటాను" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నూనె చెయ్యి చీరకే తుడిచేసుకుని బయటికి వచ్చి నిలబడ్డాను. వీధిలో ఒక్కరూ నడవడం లేదు. పిల్లలు మాత్రం పాకుతున్నారు.

నమోదు 4

మిగిలిపోయిన తాత్కాలిక ఫోల్డర్లన్నీ వెతికాం. ఎక్కడైనా ఒక్క అసలు నడక దొరుకుతుందని ఆశ. అన్నీ ఉత్తుత్తి నడకలే. టెస్టు కోసం మేమే కల్పించిన మనుషులు, మేమే కల్పించిన అడుగులు.

హేమసుందర్ బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. "కూకోరా, చార్జి పోతాది" అని భూషణం గారు కసురుకుంటూనే ఉన్నారు. ఉన్నట్టుండి ఆయనే లేచి నిలబడ్డారు.

"స్టాండు" అన్నారు. "ఎనకగదిలో స్టాండు. దాన్ని ఎవులన్నా ఆపినారేటి?"

వెనకగదిలో ఒక పాత టెస్టు స్టాండు ఉంది. ఒక బొమ్మ నడుముకు తోడుకాళ్లు కట్టి నడిపించేవాళ్లం. కల్పించిన నడకలు దానికి చాలవని, ఊళ్లో కష్టమైన నడకలు ఏరి, వాళ్లని అడిగి, అసలు ఫైళ్ల నకళ్లే వాడేవారు భూషణం గారు. దెబ్బలు తగిలినవాళ్లు, మెట్ల పనివాళ్లు, ఒంటికాలి మీద బరువు వేసేవాళ్లు. కొన్ని నెలల కిందట బొమ్మ ఇరుసు విరిగింది. టెస్టు సగంలో ఆగిపోయింది. కొత్త ఇరుసు రాలేదు, మేం మరిచిపోయాం.

తలుపు తీశాం. ధూళి. మూల చిన్న స్క్రీను ఇంకా వెలుగుతోంది. దాని మీద ఒకే మాట: తరవాతి అడుగు కోసం చూస్తున్నాను.

నెలల తరబడి అలాగే చూస్తోంది. పని పూర్తి కాలేదు కనక పందిరి విప్పలేదు. అరవై డెబ్బై మంది నడకలు అందులో ఉన్నాయి.

హేమసుందర్ చెయ్యి చాచబోతే భూషణం గారు గట్టిగా కొట్టారు. "ముట్టుకోకు!"

నడకంటే మనిషి సొంత విషయమని ఆ ఫోల్డరుకు కట్టుదిట్టం చేశారట. టెస్టు నడుస్తున్నంతసేపూ అది టెస్టుకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. టెస్టు పాసైతే తనే తీసేస్తుంది. మధ్యలో ఆపినా, కరెంటు పోయినా రద్దయినట్టే, అప్పుడూ పోతుంది.

"మరి ఎప్పుడు తెరుచుకుంటుంది?" అన్నాను.

"ఫెయిలైతే" అన్నారు. "ఎందుకు ఫెయిలైందో మనం సూడాల కదా. అందుకని ఫెయిలైనప్పుడే ఉంచుతాది, తెరుస్తాది."

ముగ్గురం ఆ స్క్రీను వంక చూస్తూ నిలబడ్డాం. ఇన్నేళ్లలో నేను చేసిన పనంతా టెస్టులు పాసయ్యేలా చూడడమే.

నమోదు 5

నాగలత మేడమ్ నిన్నటి నుంచి కదల్లేకపోతున్నారు. సామాన్ల బండి మీద కూర్చోబెట్టి ఆఫీసుకు తోసుకొచ్చారు. అయినా జుట్టు నున్నగా దువ్వుకుని, కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇవాళే అన్ని టెస్టు యంత్రాలూ ఆపెయ్యమని ఉత్తర్వు" అన్నారు. "ఊరి పెద్దలందరూ సంతకం పెట్టారు. టెస్టుల వల్లే కదా ఇదంతా. ఇంకొకటి నడిస్తే ఇంకేం పోతుందోనని వాళ్ల భయం. తప్పు పట్టలేను."

స్టాండు సంగతి చెప్పాం. ఆవిడ ఒళ్లోని కాగితాలు బోర్లించి అడిగారు.

"ఫెయిలవ్వాలంటే ఏం చెయ్యాలి?"

"బొమ్మ లేదు కనక మనిషే ఆ కాళ్లు కట్టుకోవాల" అన్నారు భూషణం గారు. "ఫైలు చెప్పిన నడక కాకుండా వేరేలాగ నడవాల. ఒకటి రెండు అడుగులు తప్పితే టెస్టు సర్దుకుంటాది. వరసగా తప్పాల. అలగ తప్పితే కాళ్లు పట్టు ఒదిలేస్తాయి. మనిషి పడిపోతాడు."

"ఇసుక మూట కట్టకూడదా?"

"ఒంటి ఏడి తగలకపోతే అవి కదలవు మేడమ్. బొమ్మకైతే లోపల ఏడి తీగలుండీవి."

"కింద పరుపులు వెయ్యండి."

"నేల మెత్తగుంటే నేల బాగులేదని రద్దు చేసేస్తాది. నానే రాసినాను ఆ లైను" అన్నారాయన, తనమీద తనకే కోపం వచ్చినట్టు.

ఇక్కడ నిలువెత్తు పడడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. కిందటేడు దుకాణం మెట్టు మీంచి పడ్డ మనిషి మళ్లీ లేవలేదు.

"నేను కట్టుకుంటాను" అన్నాడు హేమసుందర్. అప్పటికే బెల్టులు విప్పుకోబోతున్నాడు. "నేనే కట్టుకోవాలి. ఎవరూ అడ్డం చెప్పకండి."

స్టాండు కాళ్లు పొట్టివి. వాడు మా అందరికన్నా జానెడు పొడుగు. వాడి బెల్టులు విప్పనివ్వకుండా ముందు పక్కన పెట్టి కొలిచాం, మోకాలు మోకాలి దగ్గరికి రాలేదు. వాడు కింద కూర్చుని ఆ కాళ్లను చేత్తో సాగదీయబోయాడు. చూడలేకపోయాను. భూషణం గారికి డెబ్బై దాటాయి.

నేనే సరిపోతాను. కట్టి చూడకముందే నాకు తెలుసు.

మేడమ్ ఉత్తర్వు కాగితం మడిచారు. "ఇది నాకు అందింది. చదవడానికి నాకు సాయంత్రం అవుతుంది" అన్నారు. తరవాత నా వంక చూసి, "కూర్మారావుకి చెప్పావా?" అన్నారు.

చెప్పలేదు. అతను మెట్లు దిగి ఉన్నాడు. చెబితే ఆ మిగిలిన చార్జితో ఇక్కడికి వచ్చేస్తాడు.

నమోదు 6

ఇది మంచం మీంచి రాస్తున్నాను.

నా తోడుకాళ్లు విప్పి పక్కన పెట్టారు. విప్పగానే నా నడక పోయింది. నాది మామూలు నడక, స్టాండు కోసం దాన్ని ఎవరూ ఏరలేదు. ఆ సంగతి తలచుకునే తీరిక కూడా లేదప్పుడు. స్టాండు కాళ్లు కట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని నిలబెట్టారు.

భూషణం గారు స్క్రీను దగ్గరికి వెళ్లి, ఏ ఫైలు దగ్గర ఆగిందో చూశారు. చూసి నా వైపు తిరిగారు.

"ఎవరిది?" అన్నాను.

"మీ ఆయనదే అమ్మా."

బెల్టు ఒకసారి తడిమి చూసుకున్నాను. తరవాత, "సరే, వదలండి" అన్నాను.

వదిలారు. కాళ్లు కదిలాయి. ఎడమ కాలు సగం దూరం వెళ్లి చప్పున ఆగింది, కుడికాలు దాన్ని దాటడానికి కొంచెం పక్కకు తిరిగి వచ్చింది. నడుం కుడికి వంగి మళ్లీ లేచింది. కట్టుకున్నది నేనే గానీ, నడుస్తున్నది అతనే. ఇన్నేళ్లుగా ఆ నడక పక్కనే నడిచాను. సంతలో జనం మధ్య తల ఎత్తకుండానే ఆ అడుగుల చప్పుడు పట్టి అతని వెనకాలే పోయేదాన్ని. నా ఒళ్లు ఆ తూగు ఎరుగును. తప్పుగా నడవాలని వచ్చినదాన్ని, ఒక్కటి కూడా తప్పు వెయ్యలేకపోతున్నాను.

"వరాలూ, సరిగ్గా నడిచేస్తన్నావు!" భూషణం గారు అరిచారు. "ఇంకెంతో లేదు, పాసయిపోతాది!"

గోడ దగ్గరవుతోంది. ఎడమ కాలు పొడుగ్గా చాపాలి, అతను చాపనంత పొడుగ్గా. చాపాను. కాళ్లు నన్ను వెనక్కి లాగి సరిదిద్దాయి. ఎంత మెత్తగా సరిదిద్దాయో! బెల్టు అంచు తొడలోకి దిగింది. మళ్లీ చాపాను. మళ్లీ. మూడోసారి కుడికాలిని ఎత్తనివ్వకుండా నేలకు తొక్కి పట్టాను. వెనకాల హేమసుందర్ ఏదో అంటున్నాడు, ఏడుస్తున్నాడో ఏమో.

నడుం దగ్గర టప్ మని పట్టు వదిలింది.

పడడం చాలా త్వరగా అయిపోయింది. చెయ్యి అడ్డం పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. కుడి తొడలోంచి వచ్చిన చప్పుడు నేను విన్నాను, నొప్పి తరవాత వచ్చింది. చెంప నేలకు ఆనించి స్క్రీను కోసం చూశాను. అక్కడి నుంచి కనిపించలేదు.

"ఏమైంది? చెప్పండి, ఏమైంది?"

ఎవరూ చెప్పరేం! "చెప్పండి!" అని అరిచాను.

"ఫెయిల్" అన్నాడు హేమసుందర్. "ఫెయిలైంది అక్కా. ఫోల్డరు ఉంది. తెరుచుకుంది."

నమోదు 7

తొడ ఎముక విరిగింది. డాక్టరు కూడా కూర్చునే ఉన్నారు, నన్నే ఆయన దగ్గరికి బండి మీద తీసుకెళ్లారు.

ఫైళ్లను స్టోర్‌లోకి ఎక్కించే ముందు మూడుచోట్ల నకళ్లు తీశారు. ఒకటి ఏ యంత్రానికీ తగిలించకుండా బీరువాలో పెట్టి, తాళం మేడమ్ దగ్గర ఉంచుకున్నారు.

కూర్మారావు పంపు హౌసు మెట్ల మధ్యలో ఉండగా చార్జి అయిపోయింది. పైకి రాలేక ఒక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. భూషణం గారు చార్జింగు పెట్టిన వేరే జత తోడుకాళ్లు పంపించారు. కట్టుకున్నాడు. ఫైలు దిగింది. లేచాడు. తిన్నగా డాక్టరు గదికి వచ్చాడు.

గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. వచ్చి మంచం పక్కన కూర్చుని నా కాలి కట్టు అంచు సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

"నాకో మాట సెప్పాలా వద్దా?" అన్నాడు చివరికి.

"చెబితే వచ్చేసేవాడివి."

"ఒచ్చీవాడిని. ఒచ్చి నానే నడిచీవాడిని."

"నువ్వు నడిస్తే పాసయిపోతుంది మావా."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టింది. విడిపించుకోలేదు.

నడక దొరికిన అరవై డెబ్బై మందీ ఊరంతా తిరుగుతున్నారు. నీళ్లు మోస్తున్నారు, కూర్చున్నవాళ్ల కాళ్లు చార్జింగులో పెడుతున్నారు, వీధుల వెంట కటకటాలు బిగిస్తున్నారు. వాటిని పట్టుకుని మిగతా ఊరు మొదటి నుంచి నేర్చుకోవాలి. సత్తెమ్మ పిన్ని ఇవాళ గుమ్మం దాకా వచ్చిందట. నేను ఎముక అతికేదాకా ఆగాలి. ఆగడం నా వల్ల కావడం లేదు. కిటికీలోంచి కటకటాల దగ్గర పడి లేస్తున్నవాళ్లని చూస్తూ దుప్పటి అంచు నలుపుతున్నాను.

నమోదు 8

హేమసుందర్‌ని తీసెయ్యమని ఊరి పెద్దలు కొందరు అడిగారు. ఆ టెస్టు ఎక్కడ తప్పు చేస్తుందో వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని మేడమ్ చెప్పారట. ముందు వాడే దాన్ని సరిచెయ్యాలని, అందరి ఎదుటా నడిపి చూపించాలని తీర్మానించారు.

ఇవాళ నన్ను కూడా బండి మీద టెస్టు గదికి తీసుకెళ్లారు. గది నిండా జనం, సగం మంది బెంచీల మీద, సగం మంది గోడ పట్టుకుని. టెస్టు నుంచి స్టోర్ తాళం తీసేశారు. ఫోల్డరు తయారైందో లేదో అడిగే లైను ఉంది. ఆ రోజు జరిగినట్టే జరగాలని డిస్కును కావాలనే చెత్తతో నింపారు.

హేమసుందర్ వేలు మీట మీద పెట్టి ఆగాడు. నొక్కడం లేదు. అందరూ చూస్తున్నారు.

కూర్మారావు ముందుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తోడుకాళ్లు విప్పసాగాడు.

"మావా, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"టెస్టు అయినాక మళ్లీ కట్టుకుంటాను. పనిచేసిందో లేదో అప్పుడు తెలుస్తాది." బెల్టు పక్కన పెట్టి హేమసుందర్ వైపు తిరిగాడు. "నొక్కు తమ్ముడూ."

వాడు నొక్కాడు.

చోటు లేదు. ఫోల్డరు తయారు కాలేదు. ఇక్కడితో ఆపేస్తున్నాను. స్క్రీను మీద అంతే వచ్చింది. హేమసుందర్ స్టోర్ తెరిచాడు. పేర్లన్నీ ఉన్నాయి. అయినా అందరూ కూర్మారావు కాళ్ల వంకే చూస్తున్నారు.

అతను ఒక్కొక్క బెల్టూ బిగించుకున్నాడు. పచ్చ దీపం వెలిగింది. కుర్చీ చేతులు వదిలి లేచి, గది ఆ చివరి దాకా నడిచాడు.

"ఇంకోసారి నడవండి బావగారూ" అన్నాడు హేమసుందర్.

అతను మళ్లీ నడిచాడు. వాడు ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి నడిచాడు.

"నడవమంటే నడుస్తాను గానీ, నీళ్లు ఇడిసే టైమైపోతంది" అని, నా భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

కాసేపటికి మూల ఉన్న కుళాయి బుస్సుమని గాలి వదిలి, నీళ్లు పోసింది. హేమసుందర్ లేచి బిందె పెట్టడానికి వెళ్లాడు.